ఎప్పుడేం జరుగుతుందో తెలియని ఇంట్లో పెరగడం: అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది "మాది మామూలు ఇల్లేనండీ, నన్నెవరూ కొట్టలేదు" అనే మొదలుపెడతారు. మాట్లాడుతూ ఉంటే ఇంకో సంగతి బయటికొస్తుంది. నాన్న బండి స్టాండ్ వేసిన చప్పుడుని బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో వాళ్ళకి తెలిసిపోయేదట. ఒకరోజు స్వీట్ల పొట్లం తెచ్చే మనిషి, మర్నాడు కంచం విసిరేవాడు. సైకాలజిస్టుగా నాకు తరచూ ఎదురయ్యే అపోహలన్నీ ఇలాంటి ఇళ్ళ చుట్టూనే ఉంటాయి.

అపోహ: కొట్టకుండా, పస్తులు పెట్టకుండా పెంచితే పిల్లల మనసుకి ఏం కాదు.

వాస్తవం: 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పటి హింస, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూడటం లాంటి అనుభవాల్ని లెక్కగట్టారు. అలాంటివి నాలుగు, అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్ళకి డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం, మద్యానికి బానిస కావడం లాంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. మా రంగాన్ని మార్చేసిన పని అది. అయితే ఆ జాబితాలో రోజువారీ అనిశ్చితికి చోటు లేదు.

ఆ లోటు మీద దృష్టి పెట్టినవాళ్ళలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లోని టాలీ బారమ్ బృందం ఒకటి. తల్లి ఎలుకలకి గూడు కట్టుకోవడానికి సరిపడా సరుకు ఇవ్వకుండా చూశారు. తల్లులు పిల్లల్ని వదిలెయ్యలేదు. మొత్తం మీద చేసే సేవ దాదాపు అంతే, కానీ అది ముక్కలు ముక్కలైంది. కాసేపు నాకడం, మధ్యలో వదిలేసి పరుగెత్తడం, మళ్ళీ రావడం. ఆ పిల్లలు పెద్దయ్యాక తీపి మీదా, ఆట మీదా ఆసక్తి తగ్గింది, జ్ఞాపకశక్తి కూడా దెబ్బతింది. నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఒకటే. ప్రేమ తగ్గలేదు, వరస తప్పింది.

మనుషుల కోసం తర్వాత 38 ప్రశ్నల పట్టిక ఒకటి తయారైంది. భోజనానికి ఒక వేళ ఉండేదా, ఇల్లు తరచూ మారేవాళ్ళా, అమ్మానాన్నల మూడ్ ఎప్పుడెలా ఉంటుందో తెలిసేదా అని అడుగుతుంది. అందులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళలో, అంటే ఎక్కువ అనిశ్చితిలో పెరిగినవాళ్ళలో, ఆందోళన, డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మా గదిలో అవి వేరే వేషంలో వస్తాయి. మేనేజర్ "ఒకసారి కాల్ చెయ్" అని మెసేజ్ పెడితే కడుపులో తిప్పేస్తుంది. తప్పు లేకపోయినా సారీ చెప్పేస్తారు. "అన్నీ బాగానే ఉన్నాయండీ, అందుకే టెన్షన్‌గా ఉంది" అంటారు.

అపోహ: చిన్నపిల్లలు, వాళ్ళకేం గుర్తుంటుంది?

వాస్తవం: గుర్తుండదు, కానీ దాని ప్రభావం ఉండిపోతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో పేద తల్లుల పిల్లల్ని పుట్టుక నుంచి గమనిస్తూ వచ్చారు. మొదటి ఐదేళ్ళలో పెద్దవాళ్ళ ఉద్యోగాలు, ఇల్లు, ఇంట్లో ఉండే మనుషులు పదే పదే మారినవాళ్ళలో 23 ఏళ్ళ వయసుకి దూకుడు, చట్టాన్ని అతిక్రమించడం ఎక్కువగా కనిపించాయి.

అపోహ: ఇదంతా పేదిళ్ళ సమస్య.

వాస్తవం: కూలి ఇంట్లో కూడా సాయంత్రం అన్నం వేళకి అందరూ కూర్చునే ఇళ్ళున్నాయి. డ్యూప్లెక్స్ ఇంట్లో అమ్మ వారం రోజులు ఎందుకు మాట్లాడటం లేదో తెలియక తల్లడిల్లే పిల్లలూ ఉన్నారు. అలాగని పేదరికం పాత్ర లేదని కాదు. పాలమూరు నుంచి వలస వెళ్ళే కుటుంబాల్లో పిల్లల బడి మధ్యలో ఆగిపోతే ఆ అనిశ్చితి తల్లిదండ్రులు కోరి తెచ్చినది కాదు. అక్కడ "మీ పెంపకం బాలేదు" అనడం అన్యాయం.

అపోహ: మేమూ ఇలాగే పెరిగాం, రాటుదేలాం.

వాస్తవం: ఎదుటివాళ్ళ ముఖం చూసి పరిస్థితి పసిగట్టడం లాంటి కొన్ని నేర్పులు పదునెక్కుతాయి, కాదనను. ఆ నేర్పుకి నిద్రలేమితో మూల్యం కట్టినవాళ్ళనే నేను ఎక్కువగా చూస్తాను.

అపోహ: అయితే మిలటరీ క్రమశిక్షణ పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. "ఆరింటికి వస్తా" అంటే రావాలి, రాలేకపోతే ఫోన్ చెయ్యాలి. కోప్పడితే, తర్వాత దగ్గరికెళ్ళి "అది ఆఫీసు చిరాకు, నీ తప్పు కాదు" అని చెప్పాలి. ఊరు మారేముందు పిల్లలకి ముందుగా చెప్పాలి. వేరే ఊళ్ళో పని చేసే తండ్రి రోజూ ఒకే వేళకి ఫోన్ చేసినా అది లెక్కలోకి వస్తుంది.

అపోహ: చిన్నప్పుడు అలా గడిస్తే ఇక జీవితాంతం అంతే.

వాస్తవం: హవాయిలోని కవాయ్ ద్వీపంలో 1955లో పుట్టిన 698 మందిని ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు అనుసరించింది. బాగా ముప్పున్న పరిస్థితుల్లో పెరిగినవాళ్ళలో దాదాపు మూడోవంతు నిలకడైన పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో చాలామందికి నమ్మదగ్గ ఒక మనిషి ఉన్నారు. అమ్మమ్మో, టీచరో, పక్కింటివాళ్ళో. టీనేజిలో దారి తప్పినవాళ్ళలోనూ చాలామంది ముప్పైల నాటికి కుదురుకున్నారు. అందుకే ఫెలిట్టి, ఆండా లెక్క ప్రకారం ఇంటర్నెట్‌లో దొరికే చిన్నప్పటి అనుభవాల స్కోర్ చూసుకుని ఎవరూ తమ జాతకం రాసుకోవద్దు. ఆ స్కోర్‌ని ఒక్కో మనిషి భవిష్యత్తు చెప్పడానికి వాడకూడదని ఆండానే తర్వాత హెచ్చరించాడు.

అపోహ: కౌన్సెలింగ్ అంటే అమ్మానాన్నల్ని తిట్టించడమే.

వాస్తవం: చాలామంది ఈ భయంతోనే రారు. మొదటి వారాల్లో మేం చేసే పని ఇంకా సాదాసీదాది. నిద్రవేళ, తిండివేళ కుదరడం, ఒంట్లో గాభరా ఎప్పుడు మొదలవుతుందో గుర్తుపట్టడం. ఆ ఇంటి గురించి ఎంత మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడాలో మీ ఇష్టం. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.