కొడుకు పాత్ర ఎవరికి దక్కాలి? ‘వాన్‌దుగి’ నుంచి నలుగుతున్న పేచీ

దక్షిణ కొరియా బడిపిల్లల సినిమాల్లో మిశ్రమ కుటుంబాల (తల్లిదండ్రుల్లో ఒకరు విదేశీయులైన ఇళ్ళ) పిల్లల పాత్రలు ఎవరు వెయ్యాలన్న వాదన మళ్ళీ రాజుకుంది. అలాంటి పిల్లలే వెయ్యాలని ఒక పక్షం, ఎవరైనా వెయ్యొచ్చని ఇంకో పక్షం. ఇరుపక్షాలూ ఎత్తే పేరు ఒకటే: 2011 అక్టోబరులో విడుదలైన ‘వాన్‌దుగి’. కిమ్ ర్యో-ర్యోంగ్ నవలను లీ హాన్ తెరకెక్కించిన ఈ సినిమాను 53 లక్షల మందికి పైగా చూశారు. కథ కొరియాలో చాలామందికి తెలిసిందే: తల్లి విదేశీయురాలన్న సంగతి తెలియకుండా పెరిగిన బడిపిల్లాడు ఆమెను కలుసుకుంటాడు. ఈ గొడవను అర్థం చేయించే మలుపు మాత్రం ఆరు నెలల తర్వాత, 2012 ఏప్రిల్ ఎన్నికల్లో వచ్చింది.

ముందు నటుల ఎంపిక సంగతి. నవలలో తల్లిది వియత్నాం. సినిమాలో ఫిలిప్పీన్స్ అయింది. ఆ పాత్ర వేసిన జాస్మిన్ లీ మనీలాలో పుట్టి, కొరియన్‌ను పెళ్ళాడి, 1998లో కొరియా పౌరసత్వం తీసుకున్నారు. కొడుకు వేషం మాత్రం మిశ్రమ సంతతివాడు కాని యూ అ-ఇన్‌కు దక్కింది. తల్లి విదేశీయురాలన్న సంగతి కుర్రాడికే ఏళ్ళ తరబడి తెలియదు కాబట్టి, చూడగానే తేడా తెలిసే నటుణ్ణి పెడితే కథ నిలవదని సమర్థకులు అంటారు. సబబైన మాటే.

కానీ దానివల్ల వైవిధ్యం బరువంతా తల్లి పాత్ర మీద పడింది. ఆ తల్లేమో నెమ్మదిగా మాట్లాడుతుంది, ఏమీ అడగదు, కొడుకు ముందు తప్పు చేసినదానిలా నిలబడుతుంది. ఆమె పాత చెప్పులు చూసి కొడుకు కొత్తవి కొనిపెడతాడు. ప్రేక్షకులు కళ్ళు తుడుచుకున్నారు. ఆ జాలికి వాళ్ళు వదులుకోవాల్సింది ఏమీ లేదు.

2012లో అప్పటి అధికారపక్షమైన సేనురి పార్టీ దామాషా జాబితా (పార్టీకి వచ్చిన ఓట్ల వాటాను బట్టి సీట్లు దక్కే జాబితా) నుంచి జాస్మిన్ లీ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. వలస వచ్చి కొరియా పౌరసత్వం పొందిన స్త్రీ అక్కడ సభ్యురాలు కావడం అదే మొదలు. వెంటనే ఇంటర్నెట్‌లో దాడి మొదలైంది. అక్రమంగా ఉంటున్నవాళ్ళకు ఉచిత వైద్యం ఇప్పిస్తానందని, ఆమె చెయ్యని వాగ్దానాలు అల్లి ప్రచారం చేశారు. తెర మీద ఆదరించిన మనిషే చట్టం చేసే కుర్చీలో కూర్చోగానే పరాయిదైపోయింది. పత్రాలు లేని వలస పిల్లల చదువు, వైద్యం కోసం 2014లో ఆమె తెచ్చిన బిల్లు సభ గడువుతో పాటే మురిగిపోయింది. 2016లో పార్టీ మళ్ళీ సీటు ఇవ్వలేదు.

చట్టాలు మారలేదా అంటే, మారాయి. పతాక ప్రతిజ్ఞలోంచి ‘జాతి’ అన్న మాటను 2007లోనే తీసేశారు. బహుళ సంస్కృతుల కుటుంబాలకు చేయూతనిచ్చే చట్టం 2008లో వచ్చింది. రూపంలో తేడా స్పష్టంగా కనిపించే మిశ్రమ సంతతి యువకులను 2010 దాకా నిర్బంధ సైనిక సేవకు దూరంగా పెట్టేవారు. 2011 నుంచి ఆ అడ్డు తొలగింది. అంటే సినిమా వచ్చిన ఏడాదే, ముఖం ఎలా ఉన్నా ఈ దేశపు సైనికుడివేనని రాజ్యం ఒప్పుకుంది. ప్రధాన పాత్ర ఇవ్వడానికి సినిమారంగం ఇంకా తటపటాయిస్తోంది.

తగిన కుర్రాళ్ళు దొరకరన్న సాకు ఆనాడు కొంత చెల్లింది. 2012లో ఇలాంటి కుటుంబాల పిల్లలు బడుల్లో దాదాపు 47 వేల మంది ఉండేవారు. 2023కి ఆ లెక్క 1 లక్షా 81 వేలు దాటింది. వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే అన్సాన్ లాంటి ఊళ్ళలో ఈ పిల్లలతో నిండిన తరగతులున్నాయి. నటుల ఎంపికకు వెళ్ళేవాళ్ళు ముందు అక్కడి బడుల తలుపు తట్టాలి.