తెలిసిన కొట్టులోనే అడగండి

హైదరాబాద్,
అలిగిన బతుకమ్మ రోజు

చిరంజీవులు అమ్ములుకూ, చింటూకూ తాతయ్య ఆశీస్సులు.

ఇవాళ బతుకమ్మ పేర్చరు కాబట్టి కాస్త తీరిక దొరికింది. నిన్న ఫోన్‌లో మీరడిగినదానికి జవాబు రాస్తున్నా. "తాతయ్యా, ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్ ఫ్రీ అంటే నెట్‌లోంచి దించాం. ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోవట్లేదు. లాప్‌టాప్ పాడైందా?" అన్నారు.

పాడవలేదు. ఆ ఫైలు పేరు చివర డాట్ ఈఎక్స్‌ఈ అని ఉందా? అది విండోస్ కోసం కట్టిన మూట. మీ లాప్‌టాప్‌ను నడిపించేది విండోస్ కాదు, ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం. అది తెరుచుకోకపోవడమే మంచిదైంది. డబ్బిచ్చి కొనాల్సినదాన్ని తాళం పగలగొట్టి ఉచితంగా పంచేవాళ్ల మూటల్లో చాలాసార్లు వైరస్ ఉంటుంది. ముందు దాన్ని తీసేయండి, చెత్తబుట్టలోంచి కూడా.

లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. మీ గల్లీ చివర కిరాణా కొట్టు లేదూ, ఉబుంటుకూ అలాంటి కొట్టు ఒకటుంది. దాన్ని రిపాజిటరీ అంటారు. అక్కడి సరుకుల జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది. దారిలో ఎవరైనా మూట విప్పి ఏదైనా కలిపితే లెక్క తేడా వస్తుంది, మీ లాప్‌టాప్ ఆ మూటను తీసుకోదు. సరుకు తెచ్చిపెట్టే అబ్బాయి పేరు ఆప్ట్.

మీకు కావలసిన సరుకు గింప్, ఫొటోలు సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్. 1995లో అమెరికాలోని బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఎన్నో దేశాలవాళ్లు చెయ్యి వేస్తూనే ఉన్నారు.

కంట్రోల్, ఆల్ట్, టి మీటలు కలిపి నొక్కండి. టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరుచుకుంటుంది. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలి, "సుడో ఆప్ట్ అప్‌డేట్" అని కొట్టి ఎంటర్ నొక్కండి. సుడోకి ఎస్, యు, డి, ఓ. ఆప్ట్‌కి ఎ, పి, టి. సుడో అంటే ఇంటి యజమాని అనుమతి, అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనబడకపోవచ్చు. కీబోర్డు పనిచేయట్లేదని కంగారుపడకండి, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

దీంతో గింప్ వచ్చేసిందనుకోవద్దు. ఆ అబ్బాయి కొట్టుకు వెళ్లి కొత్త జాబితా మాత్రమే తెచ్చాడు. సరుకు కావాలంటే "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గింప్" అనాలి. గింప్‌కి జి, ఐ, ఎం, పి. అడిగింది ఒకటైతే ఇంకా బోలెడు పేర్లు చూపిస్తుందేమిటని అడుగుతారు మీరు. ఇడ్లీ పాత్ర కొంటే రేకులు లేకుండా ఏం చేసుకుంటాం? గింప్ నడవడానికి కావలసిన చిన్న చిన్న సరుకుల్లో మీ ఇంట్లో లేనివేవో అబ్బాయే చూసి తెస్తాడు. ఎంత డేటా అవుతుందో, డిస్క్‌లో ఎంత చోటు పడుతుందో ముందే చెప్పి ఆగుతాడు. అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే ఆ అంకె చూశాకే వై కొట్టి ఎంటర్ నొక్కండి.

మూడు చోట్ల ఆటంకం రావచ్చు. "లాక్ దొరకలేదు" అంటే అబ్బాయి ఇంకో పనిలో ఉండి కొట్టుకు తాళం వేసుకున్నాడు. ఉబుంటు తనంతట తాను అప్‌డేట్లు వేసుకుంటూ ఉండి ఉంటుంది. కాసేపు ఆగి మళ్లీ అడగండి. లాక్ ఫైలు చెరిపేయమని నెట్‌లో ఎవరైనా చెబితే వినొద్దు, సగంలో ఉన్న పని చెడిపోతుంది. "ప్యాకేజీ దొరకలేదు" అంటే పేరు తప్పు కొట్టారు, లేదా అప్‌డేట్ చేయలేదు, లేదా యూనివర్స్ అనే గది మూసి ఉంది. ఉబుంటు కొట్టులో గింప్ ఉండేది ఆ గదిలోనే. సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ అనే సెట్టింగుల కిటికీ తెరిచి దాని ఎదురుగా టిక్ పెట్టి, మళ్లీ అప్‌డేట్ చేయండి. మధ్యలో కరెంటు పోయి ఆగిపోతే "సుడో డిపికెజి --కాన్ఫిగర్ -ఎ" కొట్టండి, విప్పి వదిలేసిన మూటలన్నీ సర్దుతుంది. అందులో కాన్ఫిగర్ ముందు రెండు అడ్డగీతలు, ఎ ముందు ఒకటి.

మీ ఉబుంటు 24.04లో వచ్చేది గింప్ 2.10. 2025 మార్చిలో 3.0 వచ్చింది. కొత్తది కావాలంటే ఫ్లాట్‌హబ్ అనే ఇంకో కొట్టుంది గానీ, అక్కడినుంచి తెస్తే డేటా చాలా ఎక్కువ అవుతుంది. నేర్చుకోవడానికి 2.10 చాలు.

ఒక్క విషయంలో మాత్రం నా కిరాణా కొట్టు పోలిక నిలవదు. సేఠ్ మనకు కిలో పప్పు తూచి ఇస్తే అతని బస్తాలో కిలో తగ్గుతుంది. ఇక్కడ ఎన్ని లక్షలమంది తీసుకెళ్లినా బస్తా నిండుగానే ఉంటుంది. పైగా గింప్‌ను ఎలా వండారో ఆ రాత అంతా బయటే ఉంది, ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు అలాంటి బహిరంగ రాతనే తీసుకుని తెలుగులో నడిచే లినక్స్ తయారుచేశారు. ఎంత తలచుకున్నా నాకిది వింతగానే ఉంటుంది.

ఇక మీ ఫొటో. అటుకుల బతుకమ్మనాడు వీధిలైటు కింద తీసింది, అంతా పసుపు ముంచినట్టుంది కదా. ముందు దానికి నకలు తీసి పెట్టుకుని, ఆ నకలునే గింప్‌లో తెరవండి. కలర్స్ మెనూలో లెవెల్స్‌కి వెళితే మూడు డ్రాపర్లు, అంటే మందు చుక్కలు వేసే గొట్టం బొమ్మలు, కనిపిస్తాయి. మధ్యలో ఉన్న బూడిదరంగుది తీసుకుని నేలమీది ముగ్గు మీద నొక్కండి. "ఇది నిజానికి రంగులేనిది" అని గింప్‌కి చెప్పినట్టన్నమాట. ఆ ముగ్గుకు ఎంత పసుపు అంటిందో అంత ఫొటో అంతటా తీసేస్తుంది. లైటు నేరుగా పడి వెలిసిపోయినచోట కాదు, కాస్త నీడలో ఉన్న గీత మీద నొక్కండి. వెలిసినచోట రంగు సమాచారమే మిగలదు.

నానమ్మ ముఖం ఇంకా చీకటిగా ఉంటే డాడ్జ్ అనే పనిముట్టు ఉంది. ఆ పేరు ఫొటో స్టూడియో చీకటిగదుల్లోంచి వచ్చింది. మా చిన్నప్పుడు ఎర్ర బల్బు వెలుగులో, కాగితం మీద ఫొటో పడుతున్న ఆ కొన్ని సెకన్లలో, తీగకు గుచ్చిన అట్టముక్కను ముఖం మీద నీడ పడేలా ఆడించేవారు. అక్కడ వెలుగు తక్కువ తగిలి ముఖం తేటపడేది. తెర మీద ఆ పనిముట్టు బొమ్మ ఎలా ఉందో చూడండి, ఇప్పుడు మీకే తెలుస్తుంది.

కంట్రోల్ ఎస్ నొక్కితే ఫొటో ఎక్స్‌సీఎఫ్ అనే రకం ఫైలుగా సేవ్ అవుతుంది. అది గింప్ సొంత మూట, వాట్సాప్‌లో పంపితే అత్తయ్య ఫోన్‌లో తెరుచుకోదు. పంపడానికి ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి, పేరు చివర డాట్ జెపిజి పెట్టండి. క్వాలిటీ 90 దగ్గర ఉంచితే చాలు.

పంపేముందు ఒక పని చేయండి. ఒక తంగేడు పువ్వును 800 శాతానికి పెద్దది చేసి చూడండి. రెక్కంతా చిన్న చిన్న చదరాలుగా విడిపోతుంది. ఒక్కో చదరం మీద, రంగేమిటో చెప్పే కలర్ పికర్ అనే పనిముట్టు పెడుతూ, ఆ ఒక్క రెక్కలో ఎన్ని రకాల పసుపులున్నాయో లెక్కపెట్టి, సద్దుల బతుకమ్మకు వచ్చినప్పుడు నాకు చెప్పండి.

మీ
తాతయ్య