పొలం లేని ఊళ్లో కోత పండుగ

మన సండే స్కూల్ పిల్లలందరికీ ప్రభువు నామంలో మీ తాతయ్య వందనాలు.

"మనలో ఎవరికీ పొలం లేదు కదా తాతయ్యా, సికింద్రాబాద్‌లో కోత పండుగ ఎందుకు?" అని మీలో ఒకరు అడిగారు. ఆరాధన అయ్యాక ఆ హడావిడిలో చెప్పడం కుదరలేదు, అందుకే ఈ ఉత్తరం.

మీ తాతలు, నానమ్మలు చాలామంది మెదక్, నల్గొండ, గుంటూరు, గోదావరి వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. అక్కడ వరి కోతలయ్యాక కొత్త ధాన్యం ముందు చర్చికి తెచ్చేవాళ్లు. పొలాలు పోయినా ఆ అలవాటు పోలేదు. పోకూడదనే నా కోరిక.

లేవీయకాండం 23వ అధ్యాయం తీయండి. పంటలో మొదటి పన, అంటే కోసిన వెన్నుల కట్ట, దేవుని కోసం యాజకుని దగ్గరికి తెమ్మని పదో వచనంలో ఉంటుంది. అక్కడితో ఆగిపోకండి. 22వ వచనంలో, పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, వాటిని బీదలకూ పరదేశులకూ వదలమని ఉంది. రూతు బోయజు పొలంలో ఏరుకున్నది ఆ పరిగే. దేవునికి ఇవ్వడం, పక్కవాడికి వదలడం రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. మన దగ్గర మొదటి పన అంటే అక్కావాళ్ల మొదటి జీతం కావచ్చు, బాల్కనీ కుండీలో కాసిన నాలుగు టమాటాలు కావచ్చు. మరి అంచు ఏది? అది మీరే ఆలోచించాలి.

కోత పండుగ రోజు చర్చికి కానుకగా వచ్చినవాటికి జరిగే వేలం పాట మీకు ఇష్టమని నాకు తెలుసు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, చర్చి మహిళల సంఘమైన స్త్రీల మైత్రి అమ్మలు పెట్టిన పచ్చళ్లు, కేకులు అన్నీ బల్ల మీదికి వస్తాయి. డజను గుడ్లను ఒకాయన పాడుకుని, డబ్బు కట్టి, "మళ్లీ పాడండి" అని అక్కడే వదిలేస్తాడు. ఇంకొకామె పాడుకుని ఆమె కూడా వదిలేస్తుంది. అవే గుడ్లు నాలుగైదుసార్లు అమ్ముడుపోతాయి. ఏడాదంతా వందనాలు చెప్పుకుని వెళ్లిపోయేవాళ్లు ఆ గంటసేపు పేరు పెట్టి పిలుచుకుంటూ, పోటీ పడుతూ నవ్వుకుంటారు. కానీ పాడే స్తోమత లేనివాళ్లు వెనకాల గోడ దగ్గర నిలబడిపోతారు. అది చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. అందుకే ప్రేమ విందు వేలం కన్నా ముఖ్యమని నేనంటాను. బగారా అన్నం, కోడి కూర వరసలో అందరికీ ఒకటే వడ్డన. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో మొదటి విశ్వాసులు చేసింది కూడా ఇదే: రొట్టె విరిచి, కలిసి తిన్నారు.

మెదక్ చర్చికి వెళ్లినప్పుడు అంత పెద్ద కట్టడం ఎలా లేచిందో అడగండి. కరువు రోజుల్లో పాస్నెట్ దొర అనే మిషనరీ జనానికి పని ఇచ్చి, తిండి పెట్టి దాన్ని కట్టించాడని అక్కడివాళ్లు చెబుతారు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు.

కోత పండుగ తర్వాత ఆగమన కాలపు నాలుగు ఆదివారాలు, క్యారల్స్, క్రిస్మస్ వస్తాయి. ఆపైన యేసు శ్రమలను తలచుకునే, ఆదివారాలు లెక్కపెట్టకుండా 40 శ్రమ దినాలు, మట్టల ఆదివారం, ఈస్టర్. ఈస్టర్ మాత్రం పౌర్ణమిని బట్టి మారుతుంది కాబట్టి మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్యలో ఏ ఆదివారమైనా రావచ్చు.

ఇక నా మనవి. మన చర్చికి హాస్టళ్లలో ఉండి చదువుకునే అన్నలు, నర్సింగ్ చేసే అక్కలు వస్తున్నారు. చాలామంది ఆరాధన అవగానే బస్సు పట్టుకుంటారు. కోత పండుగ రోజు గేటు దగ్గర మీరు ఇద్దరిద్దరు నిలబడి, వాళ్లని పేరడిగి భోజనానికి తీసుకురండి. మీ బంతిలోనే కూర్చోబెట్టుకోండి. విస్తళ్లు ఎక్కువే తెప్పించమని సంఘ పెద్దలకు నేను చెప్పి ఉంచాను.

మీ తాతయ్య