ఐదు రూపాయల టికెట్టు కన్న బిడ్డ

మళ్లీ ఒక పెద్ద సినిమా. మళ్లీ విడుదలకు ముందు టికెట్టు రేటు పెంచుకోమంటూ సచివాలయం నుంచి ఒక మెమో, దాని మీద హైకోర్టులో పిటిషన్, రాత్రికల్లా ఫోన్లలో రెండు వర్గాల తిట్లు. 'టికెట్టుకి ఇంతా?' అని ఒకరంటే, 'ఇష్టం లేకపోతే మానెయ్, నిన్నెవరు రమ్మన్నారు?' అని ఇంకొకరు. ఈ గొడవకు నేపథ్యం రాయమని మధ్యాహ్నం చెప్పి సాయంత్రానికి కావాలన్నారు. కాబట్టి నేల, బెంచీ జ్ఞాపకాలు, బ్లాక్ టికెట్ల రోజులు, బెనిఫిట్ షోల పుట్టుపూర్వోత్తరాలు వదిలేస్తున్నాను. అవి నాకంటే మీకే బాగా తెలుసు.

చాలామంది ఈ కథను 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర మొదలుపెడతారు. 'పుష్ప 2' ప్రీమియర్, సంధ్య థియేటర్, తొక్కిసలాట, ఒక తల్లి మరణం, హీరో అరెస్టు. అది మరిచిపోగలిగింది కాదు. కానీ టికెట్టు రేటు కథలో అది నడిమి అధ్యాయం. మొదటి అధ్యాయం 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్‌లో రాశారు. దాని పేరు జీఓ 35, టికెట్టు రేట్లకు పరిమితి పెట్టిన ఉత్తర్వు.

మర్నాడు, ఆ ప్రభుత్వానికి ప్రత్యర్థి అయిన పవన్ కల్యాణ్ 'వకీల్ సాబ్' విడుదల. అందుకే ఆ జీఓ ఎవరి కోసమన్నది ఆ రోజు ఎవరూ ఎవరినీ అడగలేదు. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలుకు ఎకానమీ 5, డీలక్స్ 10, ప్రీమియం 15 రూపాయలు అని రాశారు. పేదవాడికి వినోదం అందుబాటులో ఉండాలన్నది ప్రభుత్వం మాట. అప్పటి మంత్రి పేర్ని నాని అదే పదేపదే చెప్పారు. మాట తప్పేమీ కాదు.

ఇక హాలు నడిపేవాడి వైపు నుంచి చూడండి. మూడొందల సీట్ల హాలు. అన్నీ పదిహేను రూపాయల సీట్లే అనుకుందాం, అన్నీ నిండాయనే అనుకుందాం. షోకి 4,500. అందులోనే పన్ను, డిస్ట్రిబ్యూటర్ వాటా, డిజిటల్ ప్రొజెక్షన్ అద్దె, కరెంటు బిల్లు, గేటు దగ్గర ఇద్దరు, ఊడ్చేవాళ్లు, ఆపరేటరు. అదీ హౌస్‌ఫుల్ బోర్డు పెట్టిన రోజు సంగతి. మంగళవారం మ్యాట్నీకి ఎంత వస్తుందో లెక్క వెయ్యడానికి కాగితం కూడా అక్కర్లేదు. ఆ డిసెంబర్‌లో నాని అనే హీరో, హాలు కౌంటర్ కంటే పక్కన కిరాణా కొట్టు కలెక్షనే నయమన్న అర్థంలో మాట్లాడితే మంత్రులు విరుచుకుపడ్డారు. లైసెన్సులు సరిగా లేవంటూ తనిఖీలు జరిగాయి, కొన్ని హాళ్లకు తాళాలు పడ్డాయి. ఇంకొన్నింటిని ఓనర్లే మూసుకున్నారు. హైకోర్టు సింగిల్ జడ్జి జీఓను పక్కన పెట్టారు, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. డివిజన్ బెంచ్, రేటు పెంచుకోవాలంటే జాయింట్ కలెక్టర్ దగ్గరికి వెళ్లమంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. అంతకుముందు ఏం జరిగేదో తెలియకపోతే తర్వాత మారిందేమిటో అర్థం కాదు. టికెట్టు రేట్లు నిర్ణయిస్తూ 2013లో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన జీఓ 100ను 2016లో ఉమ్మడి హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత హాళ్ల వాళ్లు కోర్టు ఉత్తర్వుల అండతో పెద్ద సినిమాలకు రేటు పెంచుకునేవారు. 2019 మేలో 'మహర్షి'కి తెలంగాణలో అలాగే పెరిగితే, మంత్రి తలసాని శ్రీనివాస్ యాదవ్ మేం అనుమతి ఇవ్వలేదన్నారు. గమనించండి: ఆ రోజు పెంపు పాపం తనది కాదని ప్రభుత్వమే దూరం జరిగింది.

2022 ఫిబ్రవరి 10న తాడేపల్లిలో చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి, కొరటాల శివ ముఖ్యమంత్రి జగన్‌ను కలిశారు. చిరంజీవి చేతులు జోడించిన దృశ్యం ఆ తర్వాత రెండేళ్లకు ఎన్నికల సభల్లో కూడా పనికొచ్చింది. నాకు మాత్రం ఆ ఫొటో కంటే మార్చి 7న వచ్చిన జీఓ 13 ముఖ్యం. కనీసం 20, గరిష్ఠం 250 రూపాయలని పట్టిక మార్చారు. చిన్న సినిమాకు ఐదో ఆట. అంతవరకు న్యాయమే. దాని అడుగున ఒక నిబంధన ఉంది. హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికం తీసేశాక ఖర్చు వంద కోట్లు దాటితే, 20 శాతం షూటింగ్ ఆంధ్రప్రదేశ్‌లో చేస్తే, మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు. ఎంత అన్నది ప్రభుత్వం చెబుతుంది.

నా మట్టుకు నాకు మొత్తం కథ ఆ ఒక్క వాక్యంలో ఉంది. రేటు అన్నది అందరికీ ఒకటే నియమం కావడం మానేసి, సినిమాకో వరం అయింది. వరం అన్నాక అడిగేవాడుంటాడు, ఇచ్చేవాడుంటాడు. ఐదు రూపాయల టికెట్టుతో భయపెట్టిన చేతే వెయ్యి రూపాయల టికెట్టుకు తలుపు తీసింది. ఆ నెలాఖర్లోనే 'ఆర్ఆర్ఆర్' ఆ తలుపులోంచి మొదటి పది రోజులకు 75 రూపాయలు అదనంగా తీసుకుంది. 2024 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, తలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

తెలంగాణకు మొదట్లో ఈ రోగం లేదు. 2021 డిసెంబర్ నాటి జీఓ 120 మామూలు రోజుల సీలింగునే మెరుగ్గా పెట్టింది: ఏసీ సింగిల్ స్క్రీన్‌కు 150, మల్టీప్లెక్స్‌కు 250, పైన జీఎస్టీ. అది చాలదని అక్కడా సినిమాకో మెమో మొదలైంది. 'పుష్ప 2' ప్రీమియర్‌కు ఆ సీలింగు మీద 800 అదనం. తొక్కిసలాట తర్వాత డిసెంబర్ 21న అసెంబ్లీలో రేవంత్ రెడ్డి ఇక బెనిఫిట్ షోలు లేవు, పెంపులు లేవన్నారు. మూడు వారాలు తిరక్కుండానే 'గేమ్ ఛేంజర్'కు మెమో వచ్చింది. కోర్టు కసురుకున్నాక వెనక్కి పోయింది. 2025 సెప్టెంబర్‌లో 'ఓజీ' ప్రీమియర్ టికెట్టు తెలంగాణలో 800, ఆంధ్రలో 1,000. హైకోర్టు సింగిల్ జడ్జి తెలంగాణ మెమోను ఆపారు, వ్యవహారం డివిజన్ బెంచ్‌కి ఎక్కింది. అప్పటికే టికెట్లు తెగిపోయాయి. విడుదల అంచున లంచ్ మోషన్, అంటే అప్పటికప్పుడు వినమనే పిటిషన్, వేస్తే మిగిలేది అదే.

నిర్మాతల వాదనా ఉంది, కాదనను. బడ్జెట్లు పెరిగాయి, నాలుగు వారాలకే ఓటీటీలో వస్తోంది, మొదటి వారాంతంలో రాకపోతే ఇక రాదు. ఆ బడ్జెట్‌లో సగం ఎవరి ఇంటికి పోతోందో వాళ్లు చెప్పరు, మనం అడగం. జీఓ 13 పారితోషికాన్ని లెక్కలోంచి తీసేయమన్నప్పుడు ఆ ప్రశ్న కాగితం మీద ఒక్కసారి కనబడింది, అంతే.

పెంచిన డబ్బు హాలు ఓనరుకు చేరుతుందనుకుంటారు. చాలా సింగిల్ స్క్రీన్లు మొదటి వారాల్లో అద్దె పద్ధతిలో ఆడతాయి. టికెట్టు 150 అయినా 600 అయినా ఆయనకొచ్చేది అదే అద్దె. మీద వచ్చిందంతా సినిమా కొనుక్కున్న బయ్యరుకు, అక్కణ్నుంచి నిర్మాతకు. వందకు పైన టికెట్టు మీద 18 శాతం జీఎస్టీ సర్కారుకు. రేటు చూసి దడుచుకుని ఇంట్లో కూర్చున్న కుటుంబం మాత్రం ఓనరు నష్టాల ఖాతాలో పడుతుంది. 2025 మేలో హాళ్లు నడిపే ఎగ్జిబిటర్లు, తమకు అద్దెకు బదులు కలెక్షన్‌లో పర్సంటేజీ ఇవ్వకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామన్నది ఇందుకే. ఆ మాట సరిగ్గా 'హరిహర వీరమల్లు' ముందు రావడంతో అది ఉప ముఖ్యమంత్రిగా ఉన్న ఆ సినిమా హీరో పవన్ కల్యాణ్ మీద కుట్రగా చర్చ మారిపోయింది. ఉప ముఖ్యమంత్రి కార్యాలయం 'రిటర్న్ గిఫ్ట్' అంటూ ఘాటైన ప్రకటన ఇచ్చింది, ఇక మీదట ఎవరూ విడిగా రాకూడదు, ఫిల్మ్ చాంబర్ ద్వారా రమ్మంది. అడిగే దారి మారింది. అడగాల్సిన అవసరం ఎందుకున్నట్టు? ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. పర్సంటేజీ సంగతి కమిటీల్లోకి వెళ్లింది.

పోయిన పెద్ద సినిమాకు పదకొండో రోజు ఫస్ట్ షోకి వెళ్లాను. కౌంటర్ పైన రేట్ల బోర్డు మీద అంటించిన కాగితాన్ని కుర్రాడు గోటితో గీకుతున్నాడు. సగం ఊడింది, కింద పాత అంకె కనబడుతోంది. 'తగ్గిందా బాబూ?' అన్నాను. 'తగ్గిందండీ. మీరు ఏడోవారు' అన్నాడు, టికెట్టు చింపి ఇస్తూ.