జెట్ కట్టబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

కాలేజీలో క్లబ్ పెట్టి, గంటకు 400 కిలోమీటర్లు పోయే రేడియో కంట్రోల్ జెట్ కడతామని రాశారు. ఎంతో సంతోషించాను. ఉత్తరం నిండా ఇంజిన్ గురించే అడిగారు. ఇంజిన్ డబ్బు పెడితే దొరుకుతుంది. ఆ వేగానికి ఆగే రెక్కా తోకా మాత్రం మీ చేతుల మీదుగానే రావాలి. అందుకే ముందు వాటి సంగతి.

400 కి.మీ. అంటే సెకనుకు 111 మీటర్లు. ఆ వేగంలో పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పున్న పలక గాలికి అడ్డంగా నిలిస్తే ఏడున్నర కిలోలకు పైగా తోపుడు పడుతుంది. వేగం రెట్టింపైతే అది నాలుగింతలు. పది కిలోల విమానం అదే వేగంలో 200 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరిగిందంటే రెక్కలు అరవై కిలోల పైచిలుకు మోయాలి. కాబట్టి ఎగరేయకముందే రెక్కను బోర్లా బిగించి, రెక్క మొదలు దగ్గర ఎక్కువ, కొసకు తక్కువగా ఇసుక సంచులు పేర్చండి. వంద కిలోల దాకా పెట్టి, తీశాక రెక్క మళ్లీ యథాస్థితికి వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూడండి.

రెక్క విరగడం కన్నా నాకు ఎక్కువ భయం ఫ్లటర్ అంటే. ఐలరాన్‌లోనో (రెక్క వెనక అంచున కదిలే పలక) ఎలివేటర్‌లోనో (తోక మీద కదిలే పలక) కాస్త వదులుంటే, ఒక వేగం దాటగానే అది గడగడా కొట్టుకోవడం మొదలెడుతుంది. మీరు థ్రాటిల్ తగ్గించేలోపే తోక ఊడిపోవచ్చు. సర్వో (ఆ పలకను కదిపే చిన్న మోటారు) ఆన్ చేసి, ఐలరాన్ వెనక అంచును రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ మెల్లగా ఆడించండి. సర్వో ఆర్మ్ (దాని మీది చిన్న చేయి) కదలకుండా అంచు అర మిల్లీమీటరు ఆడినా వదలొద్దు. సర్వోనూ పలకనూ కలిపే కడ్డీని పుష్‌రాడ్ అంటారు, దాని కొసన ఉండే కొక్కెం క్లెవిస్. చాలాసార్లు తప్పు ఆ క్లెవిస్ పిన్ దూరే కంతలో ఉంటుంది, పిన్ను కన్నా కంత పెద్దదై ఉంటుంది. పుష్‌రాడ్ పొట్టిగా, తిన్నగా ఉండాలి. హింజ్‌కు (పలక తిరిగే కీలుకు) ముందువైపు కొంచెం సీసం పెట్టి బరువు సరిచేస్తే ఇంకా మేలు.

ఇక మన బెజవాడ ఎండ. కార్బన్ బట్టను గట్టిపరిచే రెసిన్ ఎపాక్సీ. గది వేడిలోనే ఆరనిచ్చిన మామూలు ఎపాక్సీ 55, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం నల్లటి కార్బన్ రెక్కను ఎండలో పెడితే పైపొర ఆ వేడి ఇట్టే దాటుతుంది, రెక్క కంటికి ఆననంత మెలి తిరుగుతుంది. తెల్లరంగు వేయండి. రెక్క అచ్చులో ఉండగానే ప్లైవుడ్ పెట్టెలో బల్బులు పెట్టి, రెసిన్ తయారీదారు చెప్పినట్టు మెల్లగా వేడి పెంచి పోస్ట్ క్యూర్ చేయండి, అంటే రెసిన్‌ను ఇంకా గట్టిపరచండి. తేమ ఎక్కువున్న రోజున ఎపాక్సీ మీద జిడ్డు పొర కడుతుంది. దాన్ని ముందు నీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో కడగాలి. కడగకుండా సాండ్‌పేపర్ పడితే జిడ్డు అంతటా అంటుకుని తర్వాతి పొర ఊడొస్తుంది.

మీరు అనుకుంటున్న 100 న్యూటన్ల (సుమారు పది కిలోల తోపుడు) తరగతి ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 300 మిల్లీలీటర్లకు పైగా కిరోసిన్ తాగుతుంది. షాఫ్ట్ నిమిషానికి లక్షకు మించి తిరుగుతుంది. బేరింగులకు నూనె ఆ కిరోసిన్‌లోంచే అందాలి. అందుకే మాన్యువల్ చెప్పిన పాళ్లలో టర్బైన్ ఆయిల్ కలపాలి. గాలిలో ఇంజిన్ ఆరిపోయిందంటే ముందు పైపులో బుడగల్ని అనుమానించండి. పంపుకు ముందున్న గొట్టం వదులైతే చుక్క కూడా బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. పారదర్శక గొట్టం వాడండి, మధ్యలో బుడగలు పట్టే చిన్న ట్యాంకు పెట్టండి. 45 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత, 15 డిగ్రీలప్పటితో పోలిస్తే, దాదాపు పదో వంతు తక్కువ. థ్రస్ట్ (ఇంజిన్ తోపుడు) కూడా ఆమేరకు పడిపోతుంది. వేసవిలో తెల్లవారుజామునే ఎగరేయండి.

స్టార్ట్ విఫలమైతే వెంటనే మళ్లీ నొక్కొద్దు. ముక్కు పైకెత్తి, లోపల మిగిలిన కిరోసిన్ వెనక నుంచి కారిపోనివ్వండి. లేకపోతే తోకలోంచి మంట లేస్తుంది. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉండాలి. పౌడర్ కొడితే మంట ఆరుతుంది గానీ ఇంజిన్ పాడవుతుంది. దిగాక స్టార్టర్ గాలి తోసి ఇంజిన్‌ను చల్లార్చడం పూర్తయ్యేదాకా బ్యాటరీ తీయకండి.

కృష్ణ ఇసుక తిన్నెలు విశాలంగా ఉన్నాయని అక్కడికి తీసుకెళ్లొద్దు, ఇసుక రేణువులు ఇంజిన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్ రెక్కల్ని అరగదీస్తాయి. గట్టి రన్‌వే వెతకండి. గన్నవరం విమానాశ్రయం దగ్గరలోనే ఉంది కాబట్టి డ్రోన్ రూల్స్ 2021 (మనిషి లేకుండా ఎగిరే విమానాలకు కేంద్రం పెట్టిన నిబంధనలు) చదివి, ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసి, అవసరమైన అనుమతి చేతికొచ్చాకే తేదీ పెట్టుకోండి. ఇసుక సంచుల పరీక్ష అయ్యాక రెక్క ఎంత వంగిందో, ఎంత వెనక్కి వచ్చిందో కొలతలు నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య