ఈఆర్‌పీ పెడితే అందరూ కలిసిపోతారా? గుజ్జు ఫ్యాక్టరీల్లో నేను వినే అపోహలు, చూసే వాస్తవాలు

నేనుండేది తిరుపతిలో. పని ఎక్కువగా చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో, మిగతా కాలం రేణిగుంట, శ్రీసిటీ వైపు విడిభాగాలు చేసే చిన్న యూనిట్లలో. కొనుగోలు, స్టోర్స్, ప్రొడక్షన్, క్వాలిటీ, సేల్స్, అకౌంట్స్ అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడిచేలా చేయడం మా పని. దాన్నే ఈఆర్‌పీ ఇంప్లిమెంటేషన్ అంటారు. ఓనర్లు మమ్మల్ని పిలిచేది పైకి లెక్కల కోసమే. మొదటి మీటింగ్ సగంలోకి వచ్చేసరికి అసలు మాట బయటపడుతుంది: "మావాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదు సార్. సిస్టమ్ వస్తే దారికొస్తారు." ఈ ఆశ చుట్టూ పుట్టిన అపోహల గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే డిపార్ట్‌మెంట్ల మధ్య గొడవలు పోతాయి

మొదటి సీజన్‌లో గొడవలు పెరుగుతాయి. కారణం తెలియాలంటే ఒక ట్రాక్టర్ లోడు వెంట నడవాలి.

ఉదాహరణకి తోతాపురి లోడు కాటా మీద 5,000 కిలోలు తూగిందనుకుందాం. పచ్చికాయ, దెబ్బతిన్న కాయ అని తరుగు తీసేసి 4,800కి చీటీ రాస్తారు. రైతుకి డబ్బు వచ్చేది ఆ 4,800కే. కాయ మాగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఈలోగా నీరు ఆరి బరువు తగ్గుతుంది, కుళ్ళినవి ఏరి పారేస్తారు. లైను మీద పోసేటప్పటికి మిగిలింది 4,400. అందులోంచి 2,400 కిలోల గుజ్జు వచ్చింది.

ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్ళు తెరుస్తారు. పర్చేజ్ వాళ్ళు సీజన్ మొత్తం ఎంత కాయ తెచ్చామో చెప్పేటప్పుడు 5,000 అంటారు. అకౌంట్స్‌కి తెలిసింది 4,800. ప్రొడక్షన్ మేనేజర్ తన దిగుబడిని 4,400 మీద లెక్కేసి 54 శాతం దాటిందని ఓనర్‌కి చూపిస్తాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈఆర్‌పీ వచ్చాక లెక్క ఒకే గొలుసులో పడుతుంది కాబట్టి డబ్బు కట్టిన బరువు మీదే దిగుబడి తీస్తుంది: 50 శాతం. ఒక్క కిలో గుజ్జు తగ్గకుండానే ప్రొడక్షన్ మేనేజర్ పనితీరు ఒక్క రాత్రిలో నాలుగు పాయింట్లు పడిపోయినట్టు కనిపిస్తుంది. అతను సాఫ్ట్‌వేర్‌ని తిట్టకుండా ఎలా ఉంటాడు?

అసలు ప్రశ్న మధ్యలో పోయిన 400 కిలోలది. మాగే గదిలో సరిగా చూసుకోలేదని పర్చేజ్, దెబ్బ కాయ తెచ్చి మా నెత్తిన రుద్దారని ప్రొడక్షన్. సిస్టమ్‌లో ఆ నష్టం రాయడానికి గడి ఉంటుంది. దాని బాధ్యత ఎవరిదో చెప్పే గడి మాత్రం ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండదు. అది ఓనర్ కూర్చుని తేల్చాల్సిన విషయం. నేను చూసినంతలో పనిచేసిన పద్ధతి ఏంటంటే, మాగే గదిని విడి స్టోర్‌గా పెట్టి, దానికి ఒక మనిషిని బాధ్యుడిని చేసి, కాయ లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ తూకం వేయించడం. అలా చేసిన ఒక చోట రెండు వారాలకే మాటల తీరు మారింది. ఎవరి తప్పు అనే వాదన పోయి, ఏ రోజు లోడుకి ఎక్కువ పోయింది అనే ప్రశ్న వచ్చింది. గేటు బయట ఎండలో ఎక్కువసేపు ఆగిన ట్రాక్టర్ల కాయే ఎక్కువ పోతోందని తేలింది. అక్కడి నుంచి ట్రాక్టర్లకి వంతు టోకెన్లు ఏ లెక్కన ఇవ్వాలి అనే చర్చలో రెండు డిపార్ట్‌మెంట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి.

అపోహ: అన్నీ అందరికీ కనిపిస్తే నమ్మకం దానంతటదే వస్తుంది

గుజ్జును ఎసెప్టిక్ (సూక్ష్మజీవులు లేకుండా చేసిన) సంచుల్లో నింపి స్టీలు డ్రమ్ముల్లో పెడతారు, మామూలుగా డ్రమ్ముకి 215 కిలోలు. నింపిన వెంటనే పంపడానికి లేదు. సూక్ష్మజీవుల పరీక్ష ఫలితం వచ్చేదాకా కొన్ని రోజులు ఆ లాటు (ఒకే విడతలో నింపిన సరుకు) హోల్డ్‌లో ఉండాలి. స్క్రీన్ మీద డ్రమ్ముల సంఖ్య కనపడగానే సేల్స్ వాళ్ళు పార్టీకి మాట ఇచ్చేస్తారు. ఆ తర్వాత క్వాలిటీ వాళ్ళకి గంటకో ఫోను. విసిగిపోయిన క్వాలిటీ వాళ్ళు ఎంట్రీయే ఆలస్యంగా వేయడం మొదలెడతారు. కనపడకపోతే అడగరు కదా! సేల్స్ వాళ్ళూ తక్కువ తినలేదు. బ్రిక్స్ (గుజ్జులో చక్కెర శాతం) బాగా వచ్చిన లాట్లను ఆర్డరే ఇవ్వని పార్టీ పేరు మీద ముందే బుక్ చేసి దాచుకుంటారు.

ఇలాంటి చోట ఇంకో రిపోర్టు చేసిచ్చి లాభం లేదు. స్టాక్ పక్కనే 'హోల్డ్, ఫలానా తేదీకి తేలుతుంది' అని చూపించాలి. ఆర్డర్ లేకుండా బుక్ చేసిన లాటు కొన్ని రోజులకి తనంతట తాను విడుదలయ్యే రూలు పెట్టాలి. ఈ రెండో రూలు పెట్టిన రోజు సేల్స్ వాళ్ళ టెన్షన్ చూడాలి! సేల్స్‌కి ఇన్సెంటివ్ పంపిన టన్నుల మీద, క్వాలిటీకి మార్కులు కంప్లైంట్లు రాకపోవడం మీద ఉన్నంత కాలం ఎంత పెద్ద స్క్రీన్ పెట్టినా ఇద్దరి చూపు రెండు వైపులే.

అపోహ: మన పద్ధతి మనది, సాఫ్ట్‌వేరే మారాలి

దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది: సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదే ప్రపంచంలో మంచి పద్ధతి, మనమే మారాలి అని. మొదటిది ఓనర్ల నోట వింటాను, రెండోది మా కన్సల్టెంట్ల నోట.

మొదటిదానికి జర్మనీ సూపర్ మార్కెట్ల సంస్థ లిడ్ల్ ఉదాహరణ చాలు. ఆ సంస్థ సరుకు విలువను కొన్న ధర మీద లెక్కేసేది, శాప్ అనే కంపెనీ రిటైల్ సాఫ్ట్‌వేరేమో అమ్మే ధర మీద. తమ పద్ధతే ఉండాలని సాఫ్ట్‌వేర్‌ని మారుస్తూ పోయారు. ఏడేళ్ళు, దాదాపు 50 కోట్ల యూరోలు అయ్యాక 2018లో ఆ ప్రాజెక్టునే వదిలేశారు.

రెండోదానికి ఉదాహరణ మన గేటు దగ్గరే దొరుకుతుంది. ఏ ఈఆర్‌పీ అయినా ముందు పర్చేజ్ ఆర్డర్, తర్వాత సరుకు రసీదు, ఆ తర్వాత ఇన్‌వాయిస్ అనే వరసను ఆశిస్తుంది. మూడూ కలిస్తేనే డబ్బు. మామిడి సీజన్‌లో ముందు వచ్చేది ట్రాక్టర్. ఆర్డర్ ఉండదు, రైతు ఇన్‌వాయిస్ ఇవ్వడు, రేటు ఒక్కోసారి తర్వాతెప్పుడో తేలుతుంది. 2025 సీజన్‌నే తీసుకోండి. తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. ఒకే కాయకి ధర రెండు ముక్కలు, చెల్లించేవాళ్ళు ఇద్దరు. ప్రభుత్వం వాటా రైతు ఖాతాలో పడాలంటే ఏ రైతు ఎంత తోలాడో పేరుపేరునా లెక్క కావాలి. ఫ్యాక్టరీలో 'లోకల్ పర్చేజ్' అని ఒకే ఖాతా కింద రాసుకుంటే ఈ లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ని మార్చడం తప్పనిసరి: తాత్కాలిక ధరకి రసీదు తీసుకుని, రేటు తేలాక తేడా సర్దే ఏర్పాటు ఉండాలి.

నేను పెట్టుకున్న గీటురాయి ఇదీ. ఆ పద్ధతి పంట వల్ల, చట్టం వల్ల, మార్కెట్ వల్ల వచ్చిందైతే సాఫ్ట్‌వేర్ మారాలి. 'మా మేనేజర్‌కి ఇలా అలవాటు' అని వచ్చిందైతే మేనేజర్ మారాలి.

అపోహ: వాట్సాప్, ఎక్సెల్ ఆపేస్తేనే సిస్టమ్ నిలబడుతుంది

ఆపలేరు, ఆపనక్కర్లేదు. లారీ పలమనేరు దాటి పంక్చర్ అయితే డ్రైవర్ ఫోనే చేస్తాడు, ఈఆర్‌పీలో టికెట్ వేయడు. నేను కొత్త ఫ్యాక్టరీకి వెళ్తే మొదట అడిగేది అక్కడ నడుస్తున్న ఎక్సెల్ షీట్లనే. ఎవరైనా రోజూ అరగంట కష్టపడి ఒక షీట్ నింపుతున్నారంటే ఆ సమాచారం వాళ్ళకి ఇంకెక్కడా దొరకడం లేదని అర్థం. పట్టుబట్టాల్సింది ఒక్క దాని గురించే: సరుకు కదిలినా, డబ్బు కదిలినా ఎంట్రీ సిస్టమ్‌లో పడాలి. మాటలు ఎక్కడైనా మాట్లాడుకోండి.

అపోహ: సప్లయర్‌కి లాగిన్ ఇచ్చాం, ఇక భాగస్వాములైపోయాం

రేణిగుంట వైపు ఒక చిన్న యూనిట్ ఉంది. ప్లాస్టిక్ భాగాలు చేసి నాలుగైదు పెద్ద కంపెనీలకి ఇస్తుంది. ఆ కంపెనీలన్నిటికీ వేర్వేరు పోర్టల్స్. అకౌంటెంట్ అమ్మాయి తన టాలీలో ఒకసారి వేసిన ఇన్‌వాయిస్‌నే ప్రతి కంపెనీ పోర్టల్‌లో మళ్ళీ కొట్టాలి. "వాళ్ళ డేటా ఎంట్రీ మనమే చేసి పెడుతున్నాం గదా అన్నా, జీతం వాళ్ళే ఇస్తే పోలా" అంది ఒకసారి. నా దగ్గర జవాబు లేదు. కొనే కంపెనీ గుమాస్తా పని అమ్మే కంపెనీ మీద పడింది, అంతే. బదులుగా సప్లయర్‌కి ఏం దక్కుతోందన్న దాన్ని బట్టే ఆ పోర్టల్‌లో ఎంట్రీలు సరిగా పడతాయో, మొక్కుబడిగా పడతాయో తేలుతుంది.

సప్లయర్‌కి కావాల్సినవి పెద్దగా ఏమీ ఉండవు. ఒకటి, వచ్చే నెలల్లో ఎంత కావాలో అంచనా. పసిపిల్లల డైపర్ల వాడకం దాదాపు ఒకే తీరుగా ఉన్నా తమకొచ్చే ఆర్డర్లు మాత్రం విపరీతంగా ఎగిరి పడుతున్నాయని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ళు గమనించి, దానికి బుల్‌విప్ (కొరడా) అని పేరు పెట్టారు. వాడేవాళ్ళ దగ్గర చిన్న కదలిక, తయారుచేసేవాళ్ళ దగ్గర పెద్ద కుదుపు. కొనే కంపెనీ అమ్మకం సప్లయర్‌కి కనపడకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. పోర్టల్‌లో ఆర్డర్ మాత్రమే చూపించి ఉత్పత్తి షెడ్యూల్ దాచే కంపెనీలు ఇంకా ఎక్కువే.

రెండోది, డబ్బు ఎప్పుడొస్తుందో. ఇక్కడ చట్టం ఈ మధ్య గట్టిగా కల్పించుకుంది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్నవాళ్ళు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటితే ఆ ఖర్చును చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి, ముందు చూపుకోవడానికి లేదు. ఈ రోజుల లెక్క సరుకు ఒప్పుకున్న నాటి నుంచి మొదలవుతుంది. స్టోర్స్‌లో రసీదు వారం ఆలస్యంగా కొట్టే పాత అలవాటు ఇప్పుడు ఆదాయపు పన్ను దాకా పాకింది. స్టోర్స్ ఇన్‌ఛార్జికి అకౌంట్స్ మేనేజర్ ఎదురెళ్ళి టీ ఇప్పించడం నేను కళ్ళారా చూశాను.

జీఎస్టీలోనూ ఇంతే. 2022 జనవరి 1 నుంచి సప్లయర్ తన రిటర్న్‌లో చూపించిన ఇన్‌వాయిస్‌కే కొన్నవాళ్ళకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం). అప్పటిదాకా సప్లయర్ ఫోను ఎత్తని కంపెనీలు తామే ఫోన్ చేసి "మీ బిల్లు టూబీలో (జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొనుగోలు బిల్లుల జాబితా) కనపడలేదు, కాస్త చూడండి" అని బతిమాలడం మొదలైంది. ఒకరి ఎంట్రీ ఆగితే రెండోవాళ్ళకి నష్టం అన్నప్పుడు రెండు కంపెనీలు మాట్లాడుకున్నంతగా మామూలు పోర్టల్స్ వల్ల మాట్లాడుకోవడం నేను చూడలేదు.

గుజ్జు ఎగుమతిలో ఇంకో మెలిక. యూరప్ ఆహార చట్టం ప్రకారం 2005 జనవరి 1 నుంచి ప్రతి వ్యాపారీ సరుకు ఎవరి నుంచి వచ్చింది, ఎవరికి వెళ్ళింది అని చెప్పగలగాలి. అక్కడి కొనుగోలుదారు ఈ ప్రశ్నని మన ఫ్యాక్టరీ మీదికి నెడతాడు. డ్రమ్ము నంబర్ నుంచి లాటుకి, లాటు నుంచి మాగే గదికి, గది నుంచి కాటా చీటీకి సిస్టమ్ క్షణాల్లో వెళ్తుంది. ఆ కాయ ర్యాంపు (రైతుల కాయ కొని ఫ్యాక్టరీలకి పంపే వ్యాపారి అడ్డా) నుంచి వచ్చిందైతే బండి అక్కడ ఆగిపోతుంది. ర్యాంపులో పది తోటల కాయ కలిపి ఒకే లోడు కట్టి ఉంటారు. అక్కడ రాయని పేరుని ఫ్యాక్టరీలో ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. ర్యాంపు వ్యాపారి చేత రైతు వారీ చీటీ రాయించాలంటే అతనికి ఏదో ఒకటి ఇవ్వాలి: ముందు టోకెనో, త్వరగా పేమెంటో.

అపోహ: ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారం

5 కోట్ల టర్నోవర్ దాటితే వ్యాపారులకి అమ్మే సరుకుకి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) 2023 ఆగస్టు నుంచే తప్పనిసరి. కాబట్టి మీరు కోరుకున్నా కోరుకోకపోయినా సగం సిస్టమ్ మీ ఆఫీసులోకి ఎప్పుడో వచ్చేసింది. ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ లాంటివి లైసెన్సు డబ్బు లేకుండా దొరుకుతాయి. ఖర్చంతా మనుషుల సమయానిదే.

అపోహ: గో-లైవ్ తేదీ (కొత్త సిస్టమ్ వాడకం మొదలెట్టే రోజు) ఎప్పుడైనా ఒకటే

అమెరికా చాక్లెట్ కంపెనీ హర్షీ 1999లో కొత్త సిస్టమ్‌లని ఒకేసారి జులైలో ప్రారంభించింది. వాళ్ళకి అది హాలోవీన్ పండుగ ఆర్డర్లు ముంచుకొచ్చే సమయం. గిడ్డంగుల్లో సరుకుంది, దుకాణాలకి మాత్రం చేరలేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు. మనకి ఆ జులై లాంటిది మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా నడుస్తుంది. ఆ రోజుల్లో కాటా దగ్గర కొత్త స్క్రీన్ పెడితే రెండు గంటల్లో ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. ఆపరేటర్ మళ్ళీ కార్బన్ చీటీ పుస్తకం తీస్తాడు. ఆ తర్వాత సీజన్ అయ్యేదాకా దాన్ని వదలడు.

అందుకే నేను డిసెంబర్ దాటాక పిలిచినవాళ్ళకి ఆ ఏడాది కాటా, మాగే గది మాడ్యూల్స్ ఒప్పుకోను. స్టోర్స్, అకౌంట్స్ వరకు చేద్దాం అంటాను. ముందే వచ్చినవాళ్ళకి మార్చిలో పాత సీజన్ చీటీలు ఒక కట్ట తీసి, కాటా ఆపరేటర్, స్టోర్స్, అకౌంట్స్ ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక్కో లోడునీ గేటు నుంచి పేమెంట్ దాకా కొట్టిస్తాను. రెండు రోజుల పని. బయటినుంచి ఎవరినీ పిలవక్కర్లేదు, టీలు మాత్రం చాలా కావాలి.