పెరట్లో ఎత్తు మడి కట్టుకోబోయే నా మనవలకు

గుంటూరు

చిరంజీవులైన మనవలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీ విజయవాడ ఇంటి పెరట్లో తులసి, పుదీనా, కొత్తిమీర, వాము ఆకు పెంచుకుంటామని, అందుకు నేలలోనే పాదులు చేస్తే సరిపోదా అని ఫోనులో అడిగారు. సరిపోదు. ఎత్తు మడి, అంటే చుట్టూ ఇటుకలు పేర్చి, లోపల మట్టి నింపి నేలకన్నా ఎత్తుగా చేసే మడి, కట్టుకోండి.

మీ పెరడూ మా పెరడూ నల్లరేగడి నేలలే. ఈ మట్టి తడిస్తే ఉబ్బి జిగటగా మారి నీటిని వదలదు, ఎండితే చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. పత్తికి పేరుపడ్డ నేలే కాని, లేత వేళ్ల మొక్కలకు నీటితోపాటు గాలి కూడా అందాలి. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో తులసిని నేలలోనే నాటాను. శ్రావణమాసపు వానలకు మొక్క మొదట్లో నాలుగు రోజులు నీళ్లు నిలిచి ఆకులు పసుపుబారితే, నీళ్లు చాలలేదనుకొని మరో చెంబు పోశాను. చివరకు పీకి చూస్తే, తెల్లగా ఉండవలసిన వేరు గోధుమరంగుకు తిరిగింది. చేతివేళ్లతో పట్టుకోగానే దాని పైపొర జారిపోయి, లోపల దారంలాంటి పోగు ఒక్కటే మిగిలింది. ఆ మురుగు వాసన ఇప్పటికీ గుర్తుంది. ఆ తులసి ఊపిరాడకనే చచ్చిపోయింది.

ఉదయంపూట కనీసం ఐదారు గంటల సేపు ఎండ పడే చోటు చూసుకోండి. పడమటి గోడ పక్కన మాత్రం వద్దు, వేసవిలో ఆ గోడ వేడికి మొక్కలు మాడిపోతాయి. లోపలి కొలత నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే మీ చేతులు నడిమధ్యకు అందుతాయి. అడుగునున్న నేలను గునపంతో జానెడు లోతు గుల్ల చేసి, తొమ్మిది అంగుళాల ఇటుకలను వరుసకు 18 చొప్పున, కింది వరుస సందు మీదికి పై ఇటుక వచ్చేలా నాలుగు వరుసలు పేర్చండి. మొత్తం 72 ఇటుకలతో అడుగు ఎత్తు వస్తుంది. సిమెంటు పెట్టకండి, ఎక్కువైన నీరు ఆ సందుల్లోంచే పోవాలి.

సగం ఎర్రమట్టి, పావు వంతు పశువుల ఎరువు, మిగిలిన పావు ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి నింపండి. ఎరువు బాగా చివికినదై, పేడ వాసన లేకుండా టీపొడిలా రాలాలి. పచ్చిపేడ వేళ్లను కాల్చేస్తుంది. తడిపి పిడికిట పట్టి వదిలితే ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోయిందంటే మట్టి కుదిరినట్టే.

వాము ఆకు కొమ్మ తుంచి గుచ్చితే చాలు. పుదీనాను మాత్రం వేరే కుండీలో పెట్టండి, లేకపోతే దాని తీగలు మడినంతా ఆక్రమిస్తాయి. తులసి పూల వెన్నులు తుంచుతూ ఉంటే ఆకు దట్టంగా వస్తుంది. ఎత్తు మడి త్వరగా ఆరుతుంది కనుక, రోజూ వేలు రెండు కణుపుల దాకా దించి చూసి, పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయండి. మే నెలలో పైన పాత చీర కట్టండి.

కొత్తిమీర వేసవిలో ఆకు పెట్టకముందే పూతకు పోతుంది, అందుచేత ధనియాలు కార్తికంలో చల్లండి. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి. గుడ్డ మీద పోసి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లించి, రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టండి. మొలకకు పది రోజులు పట్టవచ్చు. మొదట వచ్చే రెండాకులు సన్నగా, కోలగా ఉండి కొత్తిమీరలా కనిపించవు. కలుపనుకొని పీకేయకండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ